పది ఎస్సేలు బట్టీ పడితే గట్టెక్కుతామా? గ్రూపుల్లో తిరుగుతున్న ఓ సలహాకు జవాబు

సివిల్స్‌కి, గ్రూప్-1కి ప్రిపేరయ్యేవాళ్ల వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఒక మెసేజ్ పదే పదే కనబడుతోంది. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారం ఒకటే: "ఎస్సే రాయడం పుట్టుకతో రావాలి, నేర్చుకుంటే వచ్చేది కాదు. రానివాళ్లు పది మోడల్ ఎస్సేలు, యాభై కొటేషన్లు బట్టీ పట్టండి, ఏ టాపిక్ వచ్చినా వాటినే తిప్పి రాయొచ్చు. సామాజిక, ఆర్థిక, రాజకీయ కోణాలు వరసగా పెట్టేయండి. పేజీలు నింపండి, భాష బరువుగా ఉండాలి. తెలుగు మీడియం వాళ్లు ఎస్సే మార్కుల మీద ఆశ పెట్టుకోకండి, జీఎస్ (జనరల్ స్టడీస్) చూసుకోండి." ఎస్సేలు దిద్దించుకోవడానికి నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇది నమ్మే వస్తున్నారు. కష్టపడే పిల్లలు తప్పు దారిలో కష్టపడుతుంటే చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

ముందు ఈ పేపర్ విలువ ఎంతో చూడండి. సివిల్స్ మెయిన్స్‌లో, అంటే ప్రిలిమ్స్ దాటాక ఉండే రాతపరీక్షలో, ఎస్సేకి 250 మార్కులు. మూడు గంటల్లో రెండు ఎస్సేలు, ఒక్కోటి 1000 నుంచి 1200 పదాలు. జీఎస్‌లో ఒక్కో పేపర్‌కి ఉన్నదీ ఆ 250 మార్కులే. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో అయితే 150 మార్కులకు మూడు గంటల్లో మూడు ఎస్సేలు రాయాలి. ఒక జీఎస్ పేపర్ కోసం నెలల తరబడి చదివే మనిషిని, అంతే విలువున్న పేపర్‌ని చివరి వారం బట్టీకి వదిలేయమనడం ఏం సలహా?

"మోడల్ ఎస్సేలనే తిప్పి రాయొచ్చు" అన్న మాటే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తోంది. 2023 సివిల్స్‌లో వచ్చిన ఒక టాపిక్ తీసుకుందాం. ఆడపిల్లల మీద ఆంక్షల బరువు, మగపిల్లల మీద డిమాండ్ల బరువు, రెండూ సమానంగా హాని చేసే కట్టుబాట్లేనని దాని అర్థం. 'మహిళా సాధికారత' ఎస్సే బట్టీ పట్టినవాళ్లకు ఇది చూడగానే ప్రాణం లేచొస్తుంది. గార్గి, మైత్రేయి, సావిత్రిబాయి ఫూలే, 73వ సవరణతో పంచాయతీల్లో వచ్చిన రిజర్వేషన్, 'బేటీ బచావో' పథకం అన్నీ వరసగా వచ్చేస్తాయి. రాసినవాటిలో ఒక్కటీ తప్పు కాదు. కానీ టాపిక్ అడిగినదాంట్లో సగం అసలు ముట్టుకోలేదు. మగపిల్లల సంగతి ఏది? ఇష్టం లేకపోయినా ఇంటర్లో ఎంపీసీలో చేరిన కుర్రాడు, "మగాడివి, ఏడుస్తావేంట్రా" అని చిన్నప్పటి నుంచీ విన్నవాడు, చెల్లెలి పెళ్లి బాధ్యత ఇరవై ఏళ్లకే నెత్తిన పడ్డవాడు ఆ ఎస్సేలో ఎక్కడా కనబడడు.

అంతకన్నా ముఖ్యంగా 'సమానంగా' అన్న షరతును వదిలేశారు. ఆ టాపిక్‌లో అసలు చర్చంతా అక్కడే ఉంది. ఆంక్ష అవకాశాన్ని లాక్కుంటుంది, డిమాండ్ 'వద్దు' అని చెప్పే స్వేచ్ఛను లాక్కుంటుంది. రెంటికీ మూలం ఒకటే: పిల్లలు ఎలాంటివాళ్లో తెలియకముందే వాళ్లు ఏం కావాలో పెద్దవాళ్లు తేల్చేయడం. మరి నష్టం నిజంగా సమానమేనా? డిమాండ్ మోసే కుర్రాడికి కనీసం చదువు, సంపాదన, ఇంట్లో మాట చెల్లుబాటు దక్కుతాయి కదా, బడి మానిపించిన అమ్మాయికి దక్కేదేమిటి? సమానమే అనొచ్చు, కాదనీ వాదించొచ్చు. ఆ వాదన నడిపితేనే అది ఆ టాపిక్ మీద రాసిన ఎస్సే అవుతుంది. దాన్ని బట్టీ పట్టి ఎవరూ తెచ్చుకోలేరు, ఎందుకంటే ప్రశ్న హాల్లో చూసేదాకా అది పుట్టదు.

మోడల్ ఎస్సేలు చదవొద్దని నేననను. చదవండి. చదివాక పుస్తకం మూసేసి, ఈ మనిషి ఏం వాదించాడు, దేన్ని వదిలేశాడు అని నాలుగు లైన్లు రాసుకోండి. వాటి ఉపయోగం అంతవరకే.

ఇక కోణాల సంగతి. సామాజిక, ఆర్థిక, రాజకీయ, పర్యావరణ కోణాలన్న లిస్టు రఫ్ పేజీలో పనికొస్తుంది, ఏదైనా మర్చిపోయామా అని సరిచూసుకోవడానికి. దాన్నే ఎస్సేకి అస్థిపంజరం చేస్తే మాత్రం పేరాకీ పేరాకీ సంబంధం ఉండదు. అదే 2023లో ఇంకో టాపిక్ ఇచ్చారు: న్యాయం ఎక్కువున్న సమాజానికి దానధర్మాల అవసరం తక్కువ. నేను పిల్లలతో ముందు మూడు ప్రశ్నలు వేయిస్తాను. ఈ వాక్యం ఏమంటోంది? ఎక్కడ నిజం? ఎక్కడ నిలబడదు? దానం అవసరమవుతోందంటే ఎక్కడో న్యాయం లోపించిందని అది అంటోంది. వెట్టిచాకిరీలో ఉన్న మనిషికి దుప్పటి ఇవ్వడం దానం, 1976లో చట్టం చేసి వెట్టిని రద్దు చేయడం న్యాయం. 2005 ఉపాధి హామీ చట్టం కింద వచ్చిన కూలి డబ్బు ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. 2013 ఆహార భద్రత చట్టం రేషన్‌ని హక్కుగా మార్చింది. ఇక్కడిదాకా వాక్యం నిజమే. మరి వరదొచ్చి ఇల్లు కొట్టుకుపోయిన కుటుంబం? అమ్మానాన్న లేని బిడ్డ? ఎంత న్యాయమైన వ్యవస్థలోనైనా వాళ్ల పక్కన ఒక మనిషి కూర్చోవాలి. అందుకే టాపిక్ దానం అక్కర్లేదనలేదు, అవసరం తక్కువంది. చూడండి, ఒక ప్రశ్న నుంచి ఇంకో ప్రశ్న పుట్టుకొచ్చి పేరాల వరస దానంతటదే కుదిరింది.

కొటేషన్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒక కొటేషన్ తీసేస్తే పేరా కూలిపోవాలి. కూలకపోతే అది అలంకారమే. పైగా ఇలాంటి లిస్టుల్లో నిజానిజాలు చూసేవాళ్లు తక్కువ. ప్రపంచంలో ఏ మార్పు కోరుకుంటావో ఆ మార్పు నువ్వే కావాలంటూ గాంధీ పేరు మీద తిరిగే వాక్యం ఆ రూపంలో ఆయన రచనల్లో కనబడదు. మీ సొంత మాటగా రాసుంటే ఇబ్బందే ఉండేది కాదు.

"పేజీలు నింపండి, భాష బరువుగా ఉండాలి" అన్నదానికి సివిల్స్ పరీక్ష పెట్టే యూపీఎస్సీ నోటిఫికేషనే జవాబు చెబుతుంది. ఎస్సే పేపర్ గురించి అందులో ఉన్నవి నాలుగే మాటలు: విషయాన్ని వదలకూడదు, ఆలోచనల్ని ఒక క్రమంలో పెట్టాలి, క్లుప్తంగా రాయాలి, సూటిగా కచ్చితంగా చెప్పినదానికి మార్కులుంటాయి. ఇది ప్రతి ఏడూ అచ్చవుతున్నా చదివేవాళ్లు లేరు.

బరువైన భాష ఎలా ఉంటుందో చూడండి: "ప్రస్తుత ఆధునిక యుగంలో విద్య మానవ జీవితంలో అత్యంత కీలకమైన పాత్ర పోషిస్తున్నదనడంలో ఎటువంటి అతిశయోక్తి లేదు." ఇందులో 'విద్య' తీసేసి 'నీరు' పెట్టండి. 'టెక్నాలజీ' పెట్టండి. వాక్యం చెక్కుచెదరదు. అంటే అది దేని గురించీ ఏమీ చెప్పలేదన్నమాట. దీని బదులు, "అయిదో తరగతికొచ్చిన పిల్ల రెండో తరగతి పాఠం చదవలేకపోతే, బడిలో చేర్చాం అని చెప్పుకోవచ్చు గానీ చదువు చెప్పాం అనలేం" అని మొదలుపెట్టండి. ఒక్క పెద్ద మాట లేదు, కానీ వాదన మొదలైపోయింది.

"పుట్టుకతో రావాలి" అన్న మాట విని ఎంతమంది పెన్ను పక్కన పడేశారో తలచుకుంటే బాధేస్తుంది. కవిత్వం సంగతి నాకు తెలియదు గానీ, ఈ పరీక్షలో అడిగే ఎస్సే మాత్రం నేర్చుకుంటే వచ్చేదే. వారానికి ఒకటి చొప్పున టైం పెట్టుకుని పూర్తిగా రాయండి. మర్నాడు తీసి, ప్రతి పేరా పక్కన మార్జిన్‌లో అది ఏం చెబుతోందో ఒక్క లైన్లో రాయండి. రాయలేకపోతే ఆ పేరాలో విషయం లేనట్టే. రెండు పేరాల పక్కన ఒకే లైను వస్తే ఒకటి కొట్టేయండి. తర్వాత మొదటి పేరా, అన్నిటికన్నా బలహీనమైన పేరా మళ్లీ రాయండి. తిరగరాయడం విసుగే, కాదనను. కానీ కొత్త ఎస్సేలు వరసగా రాసుకుంటూ పోయేవాళ్లు పాత తప్పులే కొత్త టాపిక్‌ల మీద చేస్తుంటారు. తిరగరాసేవాళ్ల చేతిలో మార్పు నేను కళ్లారా చూస్తున్నాను.

చివరిది, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది, తెలుగు మీడియం వాళ్లు ఆశ వదులుకోవాలన్న మాట. సివిల్స్ ఎస్సే తెలుగులో రాయొచ్చు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్‌లో తెలుగులోనే పరీక్ష రాసి దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. ఇబ్బందులు లేవని కాదు. మంచి మెటీరియల్ తక్కువ, కొన్ని పదాలకు తెలుగులో ఏం రాయాలో తోచదు. అలాంటిచోట జనం వాడే మాటే రాయండి, లేని సంస్కృత పదం పుట్టించకండి. అసలు ఇబ్బంది స్పీడ్‌ది. ఒక ఎస్సేకి గంటన్నర దొరుకుతుంది. టాపిక్ అర్థం చేసుకుని రఫ్ వేసుకోవడానికి ఇరవై నిమిషాలు తీస్తే మిగిలేది డెబ్బై. అందులో 1100 పదాలంటే నిమిషానికి పదహారు. తెలుగు పదాలు పొడుగు, గుణింతాలూ ఒత్తులూ ఉంటాయి, చెయ్యి త్వరగా నొప్పెడుతుంది. కాబట్టి ఫోన్లో టైప్ చేసి ప్రాక్టీస్ అయిందనుకోకండి. పెన్నుతో, కాగితం మీద, గడియారం ఎదురుగా పెట్టుకుని రాయండి. నెలకోసారైనా రెండు ఎస్సేలూ ఒకే సిట్టింగ్‌లో పూర్తి చేయండి, ఎందుకంటే చెయ్యి మొరాయించేది రెండో ఎస్సే సగానికి వచ్చాకే.