‘ఎందుకైనా మంచిది’ గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ‘ఎందుకైనా మంచిది’ గారికి,

ఉప్పల్ నుంచి ఒక పేషెంటు కొడుకు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీరు క్షేమమేనని నిన్న మధ్యాహ్నం కళ్లారా చూశాను. మా నాన్న కూడా క్షేమమే. నడుం బాగానే ఉంది, కడుపే బాగాలేదు.

నడుం దగ్గరి వెన్నుపూసల మధ్య ఉండే ఎల్4-ఎల్5 డిస్క్ ఆపరేషన్ అయిన పన్నెండో రోజున కుట్లు తీయించడానికి వెళ్లాం. టోకెన్ 41. డిశ్చార్జి కాగితంలో మూడో పాయింటు: ‘అరగంటకు మించి కూర్చోరాదు.’ ఆ కాగితం ఇచ్చిన ఆస్పత్రే రెండింటి నుంచి ఐదున్నర దాకా నాన్నని ఇనప కుర్చీలో కూర్చోబెట్టింది. "కాసేపు ఎక్కడైనా పడుకోబెట్టనివ్వండి సిస్టర్, ఎందుకైనా మంచిది" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. మీ పేరు వాడుకునే హక్కు అందరికీ లేదని అప్పుడే తెలిసింది.

చివరికి లోపలికి పిలిచారు. పెద్ద డాక్టరు గారు ఆపరేషన్ థియేటర్లో ఉన్నారట. జూనియర్ గారు కుట్లు తీసి, "సూపర్ అంకుల్! గాయం డ్రైగా ఉంది, ఎరుపు లేదు, వాపు లేదు, జ్వరం కూడా లేదు" అన్నారు. అంటూనే కంప్యూటర్లో సెఫురాక్సిమ్ 500 అనే యాంటీబయాటిక్ ఇంకో ఐదు రోజులకి కొట్టేశారు. వార్డులో మూడు రోజుల ఇంజెక్షన్లు, ఇంటికొచ్చాక ఏడు రోజుల మాత్రలు అప్పటికే అయ్యాయి.

"ఇన్ఫెక్షన్ లేదంటున్నారు కదా సార్, మళ్లీ ఎందుకు?"

"ఎందుకైనా మంచిదండీ."

ఎందుకు అని అడిగాను. నా ‘ఎందుకు’నే మడతపెట్టి, చివర ‘మంచిది’ తగిలించి, నాకే తిరిగి ఇచ్చారు.

అయ్యా, మీరు రావాల్సిన వేళ ఒకటుంది. కత్తి పెట్టే ముందు గంటలోపు. అప్పుడు రెండు గ్రాముల సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ నరానికి ఎక్కిస్తే, చర్మం కోసేసరికి మందు ఆ కండలోకి చేరి ఉంటుంది. వెన్ను గాయాల్లో ఎక్కువగా గొడవ చేసేది మన ఒంటిమీదే కాపురముండే స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా. అది కోతలోకి జారే నిమిషానికి కాపలావాడు డ్యూటీలో ఉండాలి. ఆపరేషన్ నాలుగు గంటలు దాటినా, రక్తం మరీ ఎక్కువ పోయినా ఇంకో డోసు వేస్తారు. కుట్లు పడ్డాక వచ్చే డోసు, పెళ్లివారు వెళ్లిపోయాక వచ్చిన సన్నాయి మేళం. ఇది నా తెలివి కాదు. ఆపరేషన్ అయ్యాక ముందుజాగ్రత్త యాంటీబయాటిక్‌ని పొడిగించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. శుభ్రమైన ఆపరేషన్లలో కోత మూసేశాక, లోపల డ్రైన్ (రక్తం, నీరు బయటికి లాగే గొట్టం) పెట్టినా సరే, ఇంకో డోసు వద్దని 2017లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంది. చీము పడితే అది వేరే కథ. అప్పుడది వైద్యం, ఎన్ని వారాలు రాసినా మింగాల్సిందే. నా గొడవ రాని రోగానికి వేసే మందుతో.

పోనీ, నాన్నకి ఆ గంటలోపు డోసు పడిందా? రాత్రి ఫైలంతా తిరగేశాను. ఏడు రోజుల మాత్రలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని చక్కగా టైపు చేసి ఉన్నాయి. పనికొచ్చే ఆ ఒక్క సూది ఎన్నింటికి వేశారో మాత్రం నాకిచ్చిన కాగితాల్లో ఎక్కడా లేదు.

ఇంత జాగ్రత్తపరులు కదా, ఆపరేషన్ ముందురోజు రాత్రి వార్డుబాయ్ నాన్న వీపుని బ్లేడుతో గీస్తుంటే ఎక్కడున్నారండీ మీరు? బ్లేడు కంటికి కనపడని గాట్లు పెడుతుందని, వెంట్రుకలు తీయక తప్పకపోతే క్లిప్పర్ వాడమని అదే 2016 కాగితంలో ఉంది. మంచం పక్క శానిటైజర్ డబ్బా నొక్కితే మూడు రోజులూ ‘ఫుస్’ మనే శబ్దం తప్ప చుక్క రాలేదు. అప్పుడు ఎక్కడున్నావు? చేతులు కడుక్కోవడానికి రావు, మాత్ర రాయడానికి మాత్రం పరుగెత్తుకొస్తావు.

పైగా ఒక్కడివీ రావు. నీ వెనక ఎసిడిటీకి పాంటాప్రజోల్, దాని వెనక కడుపుకి మంచి బ్యాక్టీరియా అంటూ ప్రోబయాటిక్ సాషే. యాంటీబయాటిక్ చేసిన గొడవకి రాజీ కుదర్చడానికి ఇంకో మందు. రాజీ కుదిరిందా? గురువారం రాత్రి నాన్న ఆరుసార్లు బాత్రూముకి వెళ్లాడు. వెన్ను ఆపరేషన్ అయినవాడు మంచం దిగాలంటే ఎలాగో తెలుసా? పక్కకి ఒత్తిగిల్లాలి, మోచేయి ఆనించాలి, కాళ్లు కిందికి జార్చాలి, లేచి బెల్టు బిగించాలి. అన్నీ కలిపి ఐదు నిమిషాలు. కడుపు ఐదు నిమిషాలు ఆగదు. ముప్ఫై ఏళ్లు ఆర్టీసీ బస్సులో నిలబడి టికెట్లు కొట్టిన మనిషి, తెల్లవారుజామున మూడింటికి గోడ పట్టుకుని, "దుప్పటి మార్చాలిరా" అని తల దించుకున్నాడు. ఆ దుప్పటి నువ్వొచ్చి ఉతికావా?

మా మేనత్త కూడా నీ భక్తురాలే. పప్పు తింటే చీము పడుతుందట, నెల్లాళ్లు పెట్టొద్దని ఫోన్లో ఆర్డరు. ఆవిడ మీద కోపం రాదు. ఆవిడ చేతిలో లెటర్‌హెడ్ లేదు.

నిజం చెప్పాలంటే ఆ స్ట్రిప్ కొన్నది నేనే. రెండు గైడ్‌లైన్లు చదివినవాణ్ణి, నోరు మూసుకుని ఫార్మసీలో డబ్బు కట్టి, నీళ్ల సీసా మూత తీసి మొదటి మాత్ర అక్కడే వేయించాను. రాత్రి రెండింటికి జ్వరం వస్తే? డాక్టరు రాసినా కొడుకు కొనలేదన్న మాట ఎవరు మోస్తారు? జూనియర్ గారి భయమూ ఇదే అయ్యుంటుంది. మేమిద్దరం ఒకరి మాట నుంచి ఒకరం తప్పించుకున్నాం. మాత్ర మాత్రం నాన్న మింగాడు.

ఏడింటికి పెద్ద డాక్టరు గారు ఫోన్లో దొరికారు. "గాయం డ్రైగానే ఉందిగా, అవసరం లేదు, ఆపేయండి. జ్వరం వచ్చినా, గాయం తడిసినా వెంటనే రండి." అంతే, పెట్టేశారు. మూడున్నర గంటల కుర్చీకి పావు నిమిషం జవాబు.

తొమ్మిది మాత్రలు మిగిలాయి. కట్ చేసిన స్ట్రిప్ వాపసు తీసుకోరట. వెనక ఎర్రగీత ఉంది, డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని. చీటీ రాసే చేతికి గీత ఎవరు గీస్తారో! చెత్తలో వేస్తే జవహర్‌నగర్ గుట్టకి పోతాయి, సింకులో వేస్తే మూసీకి. మన చుట్టుపక్కల నీళ్లకి ఈ మందులు కొత్తేం కాదులే. పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. అక్కడి వాగులో కప్పలకి ఏ డిస్కు జారిందో మరి.

స్ట్రిప్ ఏం చేయాలో తోచక టేబుల్ మీద పెడితే, నాన్న తీసి తన పాత టికెట్ల డబ్బాలో దాచబోయాడు. లాక్కున్నాను. "ఉండనీరా..." అని మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఎవరి పేరు వస్తుందో నాకు తెలుసు. విననట్టు వంటింట్లోకి వెళ్లి, వేడివేడి పెసరకట్టు అన్నంలో కలుపుకొచ్చి ముందు పెట్టాను. అత్తయ్యకి చెప్పకు.

ఇట్లు,
టోకెన్ 41