ఒకే సంక్షోభం, ఒకే ఒప్పందం, రెండు తీర్పులు

అంతర్జాతీయ పెట్టుబడుల చట్టాన్ని పీజీలో ఎంచుకున్న విద్యార్థులకు మొదట చేతికివ్వాల్సింది పాఠ్యపుస్తకం కాదు, అర్జెంటీనాపై వచ్చిన రెండు తీర్పులు.

1990లలో అర్జెంటీనా పెసో విలువ ఒక డాలరు. గ్యాస్ రంగంలోకి వచ్చిన విదేశీ పెట్టుబడిదారులకు టారిఫ్‌ను డాలర్లలో లెక్కగడతామని, అమెరికా ధరల సూచీని బట్టి పెంచుతామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. 2001 చివరికి ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. 2002 జనవరిలో తెచ్చిన అత్యవసర చట్టం ఆ హామీలను రద్దు చేసింది. సీఎంఎస్, ఎల్‌జీ అండ్ ఈ అనే రెండు అమెరికా సంస్థలు పెట్టుబడుల రక్షణకు అమెరికా, అర్జెంటీనా 1991లో కుదుర్చుకున్న ద్వైపాక్షిక ఒప్పందం కింద అర్జెంటీనాపై విడివిడిగా కేసులు వేశాయి.

2005లో సీఎంఎస్ కేసు విన్న మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ సంక్షోభం సాకును అంగీకరించలేదు. 13.32 కోట్ల డాలర్లు చెల్లించమంది. మరుసటి ఏడాది ఎల్‌జీ అండ్ ఈ కేసు విన్న రెండో ట్రైబ్యునల్, 2001 డిసెంబరు 1 నుంచి 2003 ఏప్రిల్ 26 వరకు జరిగిన నష్టానికి ప్రభుత్వానిది బాధ్యత కాదని తేల్చింది. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, ముగ్గురు మధ్యవర్తుల్లో ఒకరు రెండు కేసుల్లోనూ కూర్చున్నవారే.

తేడా ఎక్కడ వచ్చింది? ప్రజాశాంతికి, కీలక భద్రతా ప్రయోజనాలకు అవసరమైన చర్యలకు ఒప్పందం అడ్డురాదని పదకొండో అధికరణం చెబుతుంది. మొదటి ట్రైబ్యునల్ దాన్ని ఆచారబద్ధ అంతర్జాతీయ చట్టం (దేశాలు ఆచారంగా పాటిస్తూ వచ్చిన నియమాలు)లోని ‘ఆవశ్యకత’ సూత్రంతో కలగలిపేసింది. ఆ సూత్రం చాలా కఠినం. వేరే దారే లేదని, ఆ పరిస్థితికి తానూ కారకుణ్ణి కాదని రాజ్యం నిరూపించుకోవాలి. రెండో ట్రైబ్యునల్ ముందుగా ఒప్పందంలోని మాటలను చదివింది, ఆచార చట్టాన్ని తర్వాత తోడు తెచ్చుకుంది. నా దృష్టిలో రెండోదే సరైన పఠనం. 2007లో సీఎంఎస్ తీర్పును పరిశీలించిన రద్దు కమిటీ కూడా అందులో చట్టపరమైన దోషాలున్నాయని స్పష్టంగా రాసింది. అయినా పరిహారాన్ని మార్చలేకపోయింది. పెట్టుబడి వివాదాల పరిష్కారానికి ప్రపంచ బ్యాంకు గొడుగు కింద ఏర్పడిన కేంద్రం ఇక్సిడ్. దాన్ని నెలకొల్పిన 1965 నాటి ఒప్పందం కమిటీకి అప్పీలు కోర్టు అధికారం ఇవ్వలేదు మరి!

ఈ ఒక్క మలుపు అర్థమైతే, ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వాణిజ్య చట్ట కమిషన్ అయిన యూఎన్‌సిట్రల్ కార్యబృందం 2017 నుంచి శాశ్వత న్యాయస్థానం, అప్పీలు వ్యవస్థల గురించి ఎందుకు చర్చిస్తోందో వేరే చెప్పనక్కరలేదు. పెట్టుబడిదారులకు ఒప్పందాలు హామీ ఇచ్చే ‘న్యాయమైన, సమానమైన వ్యవహారం’ అంటే ఏమిటో నిర్వచనం బట్టీపట్టిన విద్యార్థికి మాత్రం ఆ చర్చ గాలిలో కబురులాగే ఉంటుంది.

పరిహారం లెక్కలు కూడా నేర్పాలి. భవిష్యత్తు రాబడిని నేటి విలువకు తగ్గించే పద్ధతిలో డిస్కౌంటు రేటు కొద్దిగా మారినా కోట్ల డాలర్ల తేడా వస్తుంది. లా విద్యార్థులు అంకెలను చూసి తప్పుకుంటారు, అధ్యాపకులు తప్పుకోనిస్తారు. అది పెద్ద లోపం.

ఇక ఒప్పందంలో సంతకం లేని ప్రజల సంగతి. సిగరెట్ పెట్టెపై 80 శాతం ఆరోగ్య హెచ్చరిక ఉండాలన్న ఉరుగ్వేపై సిగరెట్ల సంస్థ ఫిలిప్ మోరిస్ 2010లో కేసు వేసింది. 2016లో ఉరుగ్వే గెలిచింది. కానీ మధ్యలో గడిచిన ఆరేళ్లు ఏ తీర్పులోనూ నష్టంగా నమోదు కావు. సెమినార్‌లో ఆ ఖర్చు గురించీ అడగాలి.

పరీక్ష పెట్టే అవకాశం నాకుంటే, పదకొండో అధికరణాన్నీ 2002 జనవరి నాటి వాస్తవాలనూ మాత్రమే ఇచ్చి, తీర్పు మీరే రాయండి అంటాను. ఆ రెండు తీర్పులూ వారం తర్వాతే చేతికిస్తాను.