"ఎంసీపీ ఉంటే చాలు, ఏ ఎడిటరైనా ఒకటే" అట!

ఏఐ మోడల్‌ని బయటి టూల్స్‌తో కలిపే ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) గురించి ఈ మధ్య తెగ షేర్ అవుతున్న మాట: "ఎంసీపీ సపోర్ట్ ఉంటే చాలు, ఏఐ కోడ్ ఎడిటర్ ఏదైనా ఒకటే. కాన్ఫిగ్ కాపీ చేసుకో, దొరికిన సర్వర్లన్నీ తగిలించుకో, అంతా నీ మెషీన్‌లోనే నడుస్తుంది కాబట్టి భయం లేదు." వినడానికి బాగానే ఉంది గానీ, ఒక్క ముక్కా నిలవదు.

ముందు "ఏదైనా ఒకటే" సంగతి. ఆంత్రోపిక్ 2024 నవంబర్‌లో బయటపెట్టిన ఎంసీపీ ఒక ప్రోటోకాల్, ఎడిటరూ, దానికి టూల్స్ అందించే ప్రోగ్రామ్ అయిన సర్వరూ ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలో చెబుతుంది. టూల్ నడిపే ముందు మిమ్మల్ని ఎలా అడగాలి, ఏం చూపించాలి అన్నది చాలావరకు ఎడిటర్ తయారుచేసినవాళ్ల ఇష్టం. డేటాబేస్ టూల్ కలిపారనుకోండి. "క్వెరీ టూల్ నడపనా?" అని మాత్రం అడిగి ఊరుకుంటే, మీరు నొక్కిన ఓకే డేటా చదివే సెలెక్ట్‌కా, చెరిపేసే డిలీట్‌కా అన్నది మీకే తెలియదు. డేటాబేస్‌కి పంపబోయే ఎస్‌క్యూఎల్ కమాండ్ మొత్తం కళ్లముందు పెట్టి, చదివే టూల్స్‌కి ఒక రూలు, రాసే టూల్స్‌కి ఇంకో రూలు పెట్టుకోనిచ్చే ఎడిటర్ అయితే ఆ టెన్షన్ ఉండదు. నేనైతే మొదట చూసేది ఇదే, మోడల్ ఏదన్నది తర్వాత.

కాన్ఫిగ్ కాపీ అంటారా, కర్సర్ అనే ఎడిటర్ కాన్ఫిగ్ (సెట్టింగ్స్) ఫైల్లో "ఎంసీపీసర్వర్స్" అని ఉండాల్సిన చోట వీఎస్ కోడ్‌లో "సర్వర్స్" అని ఉండాలి. చిన్న విషయమే. అసలు తలనొప్పి, టెర్మినల్‌లో చక్కగా నడిచే నోడ్ (చాలా సర్వర్లను నడిపే జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్), ఐకాన్ నొక్కి తెరిచిన ఎడిటర్‌కి ఒక్కోసారి కనిపించకపోవడం, ఎందుకంటే ప్రోగ్రామ్‌లను ఎక్కడ వెతకాలో చెప్పే పాత్ రెండింటికీ వేరు. అప్పుడు సర్వర్ లాగ్ చూపించని ఎడిటర్‌తో తల బాదుకోవాల్సిందే.

సర్వర్లన్నీ తగిలించుకోమనడం మరీ విడ్డూరం. మామూలుగా ఆన్‌లో ఉన్న ప్రతి టూల్ పేరు, వివరణ, పారామీటర్లు మోడల్ కాంటెక్స్ట్‌లోకి, అంటే అది ఒకేసారి చదివే టెక్స్ట్‌లోకి వెళ్తాయి, టోకెన్లు (ఆ టెక్స్ట్‌ని కొలిచే ముక్కలు) తింటాయి, పేర్లు దగ్గరగా ఉంటే మోడల్ ఒకదాని బదులు ఇంకోటి పిలవొచ్చు. వీఎస్ కోడ్ ఊరికే రిక్వెస్ట్‌కి 128 టూల్స్ అని హద్దు పెట్టలేదు. ఒక్కో టూల్‌ని విడిగా ఆఫ్ చేసుకునే వీలుందో లేదో చూడండి.

ఇక "లోకల్ కాబట్టి సేఫ్". లోకల్ సర్వర్ అంటే మీ యూజర్ అనుమతులతో నడిచే మామూలు ప్రోగ్రామ్, విడిగా కట్టడి చేయకపోతే వేరే సర్వర్లలోకి లాగిన్ అవ్వడానికి వాడే మీ ఎస్‌ఎస్‌హెచ్ కీలు కూడా చదవగలదు. పైగా అది తెచ్చే సమాచారం చాలాసార్లు బయటిదే: ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు ప్రాజెక్ట్ ఇష్యూలో (బగ్ రిపోర్ట్ లాంటిది) రాసిన వాక్యాన్ని మోడల్ ఆదేశం అనుకుని పాటించే ప్రమాదం ఉంది. అడక్కుండానే టూల్స్ నడిపే ఆటో-రన్ ఆన్‌లో ఉండి, మీరిచ్చిన యాక్సెస్ టోకెన్‌కి (పాస్‌వర్డ్ లాంటి కీ) రాసే హక్కు కూడా ఉంటే, ఆపడానికి మధ్యలో ఎవరూ ఉండరు.