చౌతీ సీటు గారికి ధర్మాబాద్ దోస్తుల దండాలు

మహారాజశ్రీ బొంబాయి లోకల్ బండి చౌతీ సీటు గారికి,

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ మిర్చి బజారు నుంచి నలుగురు దోస్తులు చేసుకునే దండాలు. ఉభయకుశలోపరి. అంటే, ఒక పిర్ర కుశలం. గాలిల ఉన్న రెండో పిర్ర సంగతి పైవాడు చూసుకుంటడు.

నీకు జాబు రాస్తున్నమంటే మా ఇంటోళ్లు నవ్విన్రు. బొంబాయి పోయొచ్చినోళ్లు సముద్రం ముచ్చట చెప్తరు, హీరోల బంగ్లాల ముచ్చట చెప్తరు. మేమేమో వచ్చినకాడికెల్లి నీ ముచ్చటే చెప్తున్నం. ఏం జేస్తం? ఆ ఊర్ల అన్నిటికన్న ఎక్కువసేపు మేమున్నది నీ మీదనే. ఉన్నమంటే, సగం సగం ఉన్నం.

నిన్ను చూడనోళ్ల కోసం చెప్తున్న. చౌతీ అంటే నాలుగోది. లోకల్ సెకండ్ క్లాస్ డబ్బల ఎదురెదురుగ బల్లలుంటయి. ఒక్కో బల్ల ముగ్గురికి. మూడో మనిషి తొడ ఆగిన కాడికెల్లి నడిచే తొవ్వ మొదలయ్యేదాక నాలుగు వేళ్ల జాగ మిగులుతది. అదే నువ్వు. టికెట్టు మీద నీ పేరు లేదు, గోడ మీద నీ నంబరు లేదు, ఏ మంత్రీ రిబ్బన్ కత్తిరించి నిన్ను తెరువలే. అయినా రోజుకు డెబ్బై లక్షలకు పైగ మంది తిరిగే బండ్లల్ల నిన్ను ఎరగనోడు లేడు. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణాకు మొదటి బండి నడిచిన్నాడు 14 డబ్బలు, 400 మంది మనుషులంట. లెక్క వేసి చూడు, డబ్బకు ముప్పై మంది కూడ లేరు. 21 తుపాకులు పేల్చి సాగనంపిన్రంట. ఆ దినం నీతోని ఎవరికీ పని పడి ఉండదు. అందరూ కాళ్లు చాపుకొనే పోయుంటరు, దొరలు గదా.

మా సంగతి చెప్త. నేను మిర్చి అడ్తిల గుమాస్తాను. నాతోని జిల్లా పరిషత్ బళ్లె మరాఠీ చెప్పే సారు, కాళీపీళీ (నలుపు-పసుపు కిరాయి) జీపు నడిపే కాక, మా బామ్మర్ది. దేవగిరి ఎక్స్‌ప్రెస్ మా దగ్గర పొద్దుగూకంగ ఎక్కితే తెల్లారంగ కళ్యాణ్‌ల దింపుతది. అక్కడికెల్లి భివండి పద్మానగర్, బామ్మర్ది మేనమామ ఇంటికి. పద్మానగర్ల దిగితే బొంబాయి దిక్కు వచ్చినట్టే ఉండదు. దుకాణాల మీద తెలుగు, గల్లీల మగ్గాల చప్పుడు, చాయ్ కాడ సిరిసిల్ల ముచ్చట్లు. మా సారైతే "దీనికి ఇంత దూరమెందుకు రావాలె, నిజామాబాద్ పోతే సరిపోకపోవునా" అన్నడు. మేనమామ నవ్వి, "రేపు కళ్యాణ్ల లోకల్ ఎక్కు సారూ, అప్పుడు తెలుస్తది" అన్నడు.

తెలిసింది.

బండి ఆగకముందే నిండింది. ఆగినంక ఎక్కుడు అనేది ఊరికి కొత్తగ వచ్చినోళ్ల పని. నడుస్తున్న బండిలకు దునికినోళ్లు కిటికీ పక్కన కూసుని, మేము లోపలికి చేరేసరికి పేపర్ మడత పెడుతున్నరు. మా సారు ఎన్నో ఏండ్ల సంది పిల్లలకు మరాఠీ వ్యాకరణం చెప్తున్న మనిషి. బల్ల కాడికి పోయి, గొంతు సవరించుకొని, "కృపయా ఆపణ థోడీ జాగా ద్యాల్ కా", అంటే దయచేసి తమరు కొంచెం జాగ ఇస్తరా, అని అడిగిండు. వాక్యంల తప్పు లేదు. ఆ వాక్యం ఒడిసేసరికి డోంబివ్లీ వచ్చింది, అక్కడ ఎక్కిన జనం సారును వాక్యంతో సహా అవుతలి తలుపు కాడికి తీసుకపోయిన్రు. వెనుకనుంచి కాక వచ్చి "సరకా భావూ", జరుగన్నా, అన్నడు. అంతే. ముగ్గురు మనుషులు తలకాయ ఎత్తకుంట, ఫోన్ల మీది చూపు తియ్యకుంట, ఒకరెనుక ఒకరు కిటికీ దిక్కు జరిగిన్రు. నువ్వు పుట్టినవు. కాక కూసున్నడు.

నీ రాజ్యాంగం ఎక్కడా రాసిలేదు గని అందరికీ నోటికొచ్చు. అందరికీ అంటే మాకు తప్ప. నా పక్కన నిలబడ్డాయన "కుఠే ఉతర్నార్?", యాడ దిగుతవ్, అని అడిగిండు. మా దిక్కు బస్సుల "యాడికి పోతున్నవ్?" అని అడిగితే ముచ్చటకు పిలిచినట్టు. నేను సంబురపడి, ఆఖరి స్టేషన్ సీఎస్ఎంటీ దాక పోతున్నం, ఆడికెల్లి గేట్‌వే, మావోడి మేనమామ భివండిల ఉంటడు, ఆయన కొడుక్కు సంబంధం చూస్తున్నరు అనేదాక చెప్పిన. ఆయన సీఎస్ఎంటీ కాడనే మొకం తిప్పుకున్నడు. ఆ మనిషికి నేను వద్దు, నేను లేస్తే మిగిలే జాగ కావాలె. బండి ఆఖరి దాక పోయేటోడు ఆయన లెక్కల పనికిరానోడు. కుర్లాల దిగెటోడు దొరికిండు, ఆయన ముందట పోయి నిలబడ్డడు. ఇద్దరి మధ్యల మాటా లేదు, పలుకూ లేదు, కాయితం లేదు. కుర్లాల వాడు లేచిండు, వీడు కూసున్నడు. మా తహసీల్ కచేరీల ఒక పేరు మార్పిడికి ఎన్ని చెప్పులు అరుగుతయో నీకు తెలిస్తే నువ్వు నగుతవు.

ఇంకో వింత కూడ చెప్పాలె. ఠాణా దాటినంక, కళ్యాణ్ల సీటు దొరికిన కొందరు తమంత తాము లేచి, అప్పటిదాక నిలబడ్డోళ్లను కూసోబెట్టిన్రు. ఎవరూ అడగలే. థాంక్స్ కూడ చెప్పుకోలే. మా బామ్మర్దికి అది అర్థం కాలే. లేచినాయన్ను పట్టుకొని "ఏమైంది అన్నా, పానం బాగ లేదా?" అని హిందీల అడిగిండు.

బొంబాయిల మిగతావన్ని కూడ చూసినం, చూడలేదని కాదు. గేట్‌వే చూసినం. ఇంగ్లండు రాజు 1911ల వచ్చిండని కట్టిన గేటు 1924ల తెరిచిన్రంట. రాజుకు అట్టముక్కల నమూనా చూపించి పంపిన్రంట. మెరీన్ డ్రైవ్ మీద కూసున్నం, రెండు పిర్రలూ ఆనించి కూసున్నం, ఆ సుఖం కోసమే జనం అక్కడికి వస్తరని కాక తీర్పు. సారు కామాఠిపురా గల్లీ దాటుతుంటే ఆగి చెప్పిండు, నైజాం రాజ్యంకెల్లి కూలికి వచ్చిన మన కామాటోళ్ల మీదనే దానికి ఆ పేరు పడ్డదని. ఊరు కట్టనీకి రాళ్లు మోసింది మనోళ్లు. పేరు మిగిలింది, అదీ వేశ్యల వాడ పేరై ఇంట్ల ఆడోళ్ల ముందట పలకలేని పేరు.

మళ్లీ నీ కాడికే వస్త. మాపటి బండిల, వాపసు వచ్చేటప్పుడు, భజన మేళం ఉన్న డబ్బల పడ్డం. తాళాలు, చిన్న మృదంగం, ఆఫీసు సంచులు మెడల్నే వేసుకున్న మనుషులు. మా కాక ఇంట్ల పండరీపురం వారీ, అంటే విఠలుని కాడికి పాదయాత్ర, తరాల సంది ఉన్నది. అభంగం, విఠలుని పాట, ఎత్తుకోంగనే కాక తలుపు కాడికెల్లి రెండో చరణం అందుకున్నడు. మేళం మొత్తం వెనుకకు తిరిగి చూసింది. తర్వాత ఏమైందో నాకు సక్కగ కనబడలే, జనం తలకాయలు అడ్డమొచ్చినయి, గని కనబడేసరికి కాక కిటికీ పక్కన కూసుని ఉన్నడు. కిటికీ పక్కన! ఆయన పక్క బల్ల మీద నాకు నువ్వు దొరికినవు. మా సంచిల మేనమామకు తెచ్చిన మిర్చిపొడి, ఇయ్యడం మర్చిపోయింది, ఇంకా నాతోనే ఉండె. దాని ఘాటుకు మూడో మనిషి తుమ్మి రెండు వేళ్ల జాగ జరిగిండు. ధర్మాబాద్ మిర్చికి ఇంత పని చేతనైతదని మా సేటుకు కూడ తెల్వదు.

ఇంతవరకు నిన్ను పొగిడిన. ఇప్పుడు అసలు సంగతికి వస్త, కోపం చేసుకోకు.

ఆ ఊరోళ్లు నిన్ను చూపించి ఛాతీ విరుస్తరు. "చూడు, మా బొంబాయిల ఎంతమందైనా సర్దుకుంటరు, ఇదీ మా మనసు" అంటరు. మనసు నిజమే, కాదనను. గని ఆ మనసు నాలుగు వేళ్లు ఇచ్చిన ప్రతిసారి, ఇంకో బండి వేయాల్సినోడు ఊపిరి పీల్చుకుంటడు. జనమే సర్దుకుంటున్నరు గదా, తొందరేముంది? చదరపు మీటరు జాగల 14 నుంచి 16 మంది నిలబడితే దానికి రైల్వే వాడుకల ఒక పేరున్నది, సూపర్ డెన్స్ క్రష్ లోడ్. ఎంత శుభ్రమైన పేరు! మా అడ్తిల అంత జాగల రెండు బస్తాలు పెట్టినంక మూడోది ఇరికించనియ్యడు సేటు, కాయ విరుగుతదని. విరిగిన కాయకు ధర తగ్గుతది మరి. 2024ల బొంబాయి హైకోర్టు కూడ జనాన్ని పశువుల కన్న అధ్వానంగ మోస్తున్నరని సిగ్గుపడ్డది. తర్వాతి యేడు జూన్ 9న ముంబ్రా మలుపు కాడ, రెండు బండ్లు ఎదురెదురుగ పోతుంటే, తలుపులకు వేలాడేటోళ్లు ఒకరికొకరు తగిలి పట్టాల మీద పడ్డరు, పానాలు పోయినయి. ఆ మలుపు కాడ మా బండి పోయేటప్పుడు మాతోని వచ్చిన మేనమామ కొడుకు, తలుపు కాడ నిలబడ్డ బామ్మర్ది అంగీ పట్టుకొని లోపలికి గుంజిండు, ఒక్క మాట మాట్లాడలే. ఆ సంఘటన తర్వాత కొత్త డబ్బలకు వాటంతటవే మూసుకునే తలుపులు పెడ్తమన్నరు. మంచిదే. తలుపు మూసినంక లోపల నీ జాగ ఇంకెంత సన్నబడ్తదో చూడాలె.

నీ మీద మాకు ఇంత మనసెందుకంటే, మేము పుట్టిందే చౌతీ సీటు మీద. 1956 దాక మా నాందేడ్ హైదరాబాద్ రాజ్యంల ఉండె. ఆ యేడు బొంబాయి రాష్ట్రంల కలిపిన్రు, 1960ల మహారాష్ట్ర అన్నరు. పిల్లలకు అక్షరాభ్యాసం బాసర సరస్వతమ్మ కాడ, గోదారి పక్కనే, తెలంగాణల. మర్నాడు అదే పిల్లగాడు మరాఠీ బళ్లె. పెండ్లిపత్రిక తెలుగుల, రేషన్ కార్డు మరాఠీల. గోదారి మీది బాబ్లీ బంధారా (ఆనకట్ట) మా తాలూకాలనే ఉన్నది, ఆ నీళ్ల మీద అటు రాజ్యం, ఇటు రాజ్యం సుప్రీం కోర్టు దాక పోయినయి, మా బోర్ల మోటార్లు మాత్రం కరెంటు కోసం చూసుకుంటనే ఉన్నయి. ఆ మధ్య మా దిక్కు కొన్ని ఊర్ల సర్పంచులు రైతుబంధు చూసి "మమ్ముల తెలంగాణల కలుపున్రి" అని అడిగిన్రు. అప్పుడు ముంబైల ఉన్న పెద్దలకు మేమున్నట్టు యాదికొచ్చింది. "సరకా భావూ" అంటేనే జాగ దొరుకుతదని మేము అప్పుడే నేర్చుకోవాల్సింది. మా సర్పంచులు మా సారు లెక్క కృపయా అని అర్జీ రాసిన్రు.

ఇంటికొచ్చినంక నిన్ను ఇక్కడ పెట్టి చూద్దామని బామ్మర్దికి దిమాక్‌ల పడ్డది. మా బజార్ల చాయ్ హోటల్ ముందట ఒక బల్ల ఉన్నది, లోకల్ బల్లంతే ఉంటది, ముగ్గురు కూసోవచ్చు. దాని మీద పొద్దుగాల ఒక పెద్దాయన ఒక్కడే కూసుంటడు. పదిమంది చుట్టూ నిలబడి చాయ్ తాగుతరు. బామ్మర్ది పోయి, అచ్చం బొంబాయి లెక్క, మొకం ఎటో పెట్టుకొని, "సరకా" అన్నడు. చాయ్ గిలాసలన్నీ ఆగినయి. పెద్దాయన పైనుంచి కింది దాక చూసి, "ఎవ్వని కొడుకువురా?" అని అడిగిండు. బామ్మర్ది తండ్రి పేరు చెప్పిండు. తాత పేరు అడిగిండు. చెప్పిండు. ఏ వాడ? చెప్పిండు. అప్పుడు పెద్దాయన "ఓహో" అన్నడు, ఇంకొంచెం సవరించుకొని, కాలు మీద కాలు వేసుకొని, బల్ల నడుమల కూసున్నడు.

నీ మీద కూసున్నన్ని రోజులు మమ్ముల ఎవ్వరూ మా తాత పేరు అడగలే. అక్కడ జాగ లేదు, ఉన్న నాలుగు వేళ్లు పంచుకుంటరు. ఇక్కడ జాగ బోలెడంత, ఒక్కడు కూసుంటే బల్ల నిండుతది. మా సారు ఈ రెండింటిని ఒకే వాక్యంల పెట్టి మరాఠీల ఒక వ్యాసం రాస్తనన్నడు. ఆయన వాక్యాలు ఎంత పొడుగుంటయో నీకు ఎరుకే, ఆ వ్యాసం ఏ స్టేషన్ల దిగుతదో!

బామ్మర్ది మాత్రం పట్టు విడువలే. రోజు పొద్దున పోతున్నడు, బల్ల అంచున నాలుగు వేళ్ల మీద కూసుంటున్నడు. పెద్దాయన జరుగుతలేడు, ఈయన లేస్తలేడు. నిన్న మా కాక కూడ పోయి అవుతలి అంచున కూసున్నడు. హోటలాయన నాతోని గుసగుసగ అన్నడు, "వీళ్ల మూలంగ నా గిరాకీ పెరిగింది, ఏమనకున్రి" అని.

ఇంకో సంగతి. మిర్చి సీజన్ ఒడిసినంక మళ్లొస్తున్నం. పెద్దాయన మనుమడు కూడ మాతోని వస్తనన్నడు, బొంబాయిల నౌకరీ చూసుకోవాలెనంట. అంటే అయిదుగురం. అయిదో సీటు సంగతి మీ దిక్కు పెద్దమనుషులతోని మాట్లాడి పెట్టగలవు. మిర్చిపొడి మేము తెస్తం.

ఇట్లు,
సగం కూసున్నోళ్లు,
ధర్మాబాద్, జిల్లా నాందేడ్.