బొమ్మపెట్టె అడుగున కాపురముండే ఎర్ర సున్నాకు

మహారాజశ్రీ ఎర్ర సున్నా గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఉభయుల్లో తమరు కుశలమేనని పెట్టె తిరగేయగానే తెలిసింది. మా కుశలం ఎంతలో తప్పిపోయిందో మనవి చేసుకోవడానికే ఈ లేఖ.

మొన్న ఆదివారం భోజనాలయ్యాక, పదిహేడు నెలల మా అమ్మాయిని చంకనేసుకుని, రెండున్నర గంటలపాటు బొమ్మల దుకాణంలో అరలన్నీ గాలించి కొన్న లారీకి, సాయంత్రం కాఫీ చల్లారేలోగానే ఒక టైరు ఊడింది. సోఫా కింద, మంచం కింద వెతుకుతున్న మాకు, పిల్ల మరీ నిశ్శబ్దంగా ఉండటం చూసి గుండె ఝల్లుమంది. నోరు తెరిపించి, బుగ్గన కనబడుతున్న రూపాయి బిళ్లంత నల్ల రబ్బరు చక్రాన్ని బయటికి తీసి, చేతుల వణుకు తగ్గాక పెట్టె తిరగేసి చూస్తే, బార్‌కోడ్ పక్కన తమరి దర్శనమైంది. శనగబద్దంత సున్నా, అందులో 0-3 అని రాసిన ఒక పసిమొహం, దాని మీద అడ్డగీత. అంటే మూడేళ్ల లోపు పిల్లలకు ఇవ్వొద్దని.

అదే పెట్టెకు ముందువైపు, రెండే రెండు పళ్లున్న పాపాయి ఆ లారీనే తోస్తూ నిలువెత్తున నవ్వుతోంది. వాకిట్లో రమ్మని పిలిచి, పెరట్లో వద్దని రాసిపెట్టుకోవడం ఎక్కడి మర్యాదండీ?

తమరి వెనుక ఒక కొలత ఉందని నాకు తెలియకపోలేదు. 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న గొట్టంలో ఏ విడి భాగమైనా నొక్కకుండా పూర్తిగా ఇమిడిపోతే, అది మూడేళ్ల లోపు పిల్లల గొంతుకు అడ్డం పడగలదని లెక్క. మా టైరు అందులో హాయిగా పడుకుంటుంది. ఆ సంగతి తయారుచేసినవారికీ తెలుసు కాబట్టే తమరిని అచ్చువేశారు. టైరును ఊడకుండా బిగించడం కన్నా తమరిని అచ్చువేయడం చవక. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు తప్పనిసరి చేసిన ఐ.ఎస్.ఐ. గుర్తు కూడా పెట్టె మీద ఉంది, దాన్ని చూసి నేను నిశ్చింతపడ్డాను కూడా. అది ఏ వయసు పిల్లలకన్నది తమరిని అడగాలని ఎవరికి తోస్తుంది? (మా ఆడపడుచు ఇచ్చిన పాడే బాతుకు మరలేని మూత ఉంది, గోటితో లాగితే బటన్ సెల్, అంటే గుండీ అంత బ్యాటరీ, చేతికొస్తుంది. అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చగల వస్తువది. ఆ బాతు ఇప్పుడు అటక మీద పాడుకుంటోంది.)

ఆదివారం నేను వయసు అడిగితే దుకాణదారు, "పాప అడుగులు వేస్తోందా? అయితే ఇదే కరెక్టమ్మా" అన్నాడు. సోమవారం లారీ తిరిగి పట్టుకెళితే, ఆ మనిషే పెట్టె తిరగేసి, తమరి మీద వేలు పెట్టి, "రాసే ఉంది కదమ్మా, చదువుకున్నవాళ్లు చూసుకోవద్దా? పైగా పిల్ల నోట్లో పెట్టిన సరుకు వాపసు తీసుకోం" అన్నాడు. అప్పుడర్థమైంది తమరి ఉద్యోగమేమిటో. నువ్వు నా పిల్లను కాపాడటానికి లేవు, వాళ్లను కాపాడటానికి ఉన్నావు. పిల్ల గొంతులో టైరు పడ్డా, నిన్ను చూపించి చేతులు దులుపుకోవడానికి ఉన్నావు!

క్షమించాలి, ఏకవచనం దొర్లింది. కోపం తమరి మీద కాదు లెండి. ఆ దుకాణం మొత్తంలో, రంగురంగుల బొమ్మలూ, "మెదడు వికాసం" అక్షరాలూ, అమ్మేవాడి నోరూ ఏకమై అబద్ధమాడుతుంటే, నిజం చెప్పినవారు తమరొక్కరే. శనగబద్దంత చోటులో తలవంచుకుని చెప్పారు, అంతే.

లారీ అటక మీద బాతు పక్కకు చేరింది. మా అమ్మ ఏటికొప్పాక నుంచి తెచ్చిన, అంకుడు కర్రకు లక్క రంగులద్దిన గిలకతోనూ, వంటింటి గరిటెతోనూ పిల్ల తృప్తిగానే ఉంది. అన్నిటికన్నా ఎక్కువ తృప్తి ఖాళీ పెట్టెతో. ఈ ఉత్తరం రాస్తుండగా మూల నుంచి నాకుతూ వచ్చి, తమరి అడ్డగీతను పూర్తిగా చెరిపేసింది. ఇప్పుడక్కడ పసిమొహం ఒక్కటే మిగిలింది.

ఇట్లు,
లారీ కొన్న తల్లి