వీడియోగేమ్ బటన్ పాయింట్లకు ఉప్పుకాగితం పెట్టకండి అన్నా

వారం నుంచి మా కావలి, నెల్లూరు వైపు మెకానిక్కుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే వీడియో తిరుగుతోంది. పాత కాయిన్ వీడియోగేమ్ మిషన్లో బటన్ పనిచేయకపోతే ఉప్పుకాగితంతో పాయింట్లు (నొక్కితే ఒకదానికొకటి తగిలి కరెంటు పారించే చిన్న లోహపు బిళ్లలు) రుద్ది డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టండి, పాయింట్ ఏదైనా ఇదే మందు అని. నాకు నలుగురు పంపారు. ఇది నమ్మి చేస్తే బాగుపడాల్సిన స్విచ్ కాస్తా పోతుంది.

"పాయింట్ ఏదైనా" అన్న మాట దగ్గరే తప్పు మొదలైంది. ఈ అలవాటు ఎక్కడిదో నాకు తెలుసు. చేతక్ స్కూటర్ల రోజుల్లో బండి స్టార్ట్ కాకపోతే పాయింట్లు రుద్దేవాళ్లం, పనిచేసేది కూడా. అవి స్పార్కుకి కాలి గుంటలు పడే గట్టి టంగ్‌స్టన్ పాయింట్లు. పాత పిన్‌బాల్ మిషన్లలో బంతిని కొట్టే ఫ్లిప్పర్‌ని లాగే కాయిల్‌కి ఉండేవీ ఆ జాతే, వాటికి సన్న ఆకురాయి పట్టించాల్సిందే, నేను కాదనను. వీడియోగేమ్ బటన్ కింద ఉండే రేకు స్విచ్ (నొక్కితే రెండు సన్న రేకులు తగిలేది) అలా కాదు. దాంట్లో నడిచేది 5 వోల్టులు, అదీ కొద్ది మిల్లీ ఆంపియర్లు. స్పార్కు గట్టిగా వచ్చే చోట పైన పట్టిన పొరను ఆ స్పార్కే కాల్చేస్తుంది, ఇక్కడ అది లేదు కాబట్టి కంటికి కనపడనంత పొర కూడా కరెంటుని ఆపేస్తుంది. అందుకే మంచి రేకు స్విచ్‌ల పాయింట్లకు బంగారు పూత వేశారు, బంగారానికి చిలుము పట్టదు. ఆ పూత వెంట్రుక మందం కూడా ఉండదు, ఉప్పుకాగితం నాలుగుసార్లు లాగితే ఇక లేదు.

మైపాడు బీచ్ దగ్గర ఏళ్లపాటు నడిచిన మిషన్ ఒకటి పోయిన ఏడాది నా దగ్గరికొచ్చింది. ఒకటో ప్లేయర్ బటన్లు ఎవరో రుద్దేశారు. భూతద్దంలో చూస్తే పాయింటు అంచున సన్నటి పసుపు గీత మిగిలింది, మధ్యలో అంతా గీతలు, ఆ గీతల్లో నల్లటి చిలుము. ఎంత తుడిచినా, పాయింట్లు కలిస్తే బీప్ అనాల్సిన మల్టీమీటరు ఒక నొక్కుకి అనేది, ఇంకో నొక్కుకి అనేది కాదు. రెండో ప్లేయర్ వైపు ఎవరూ ముట్టుకోలేదు. అదే ఉప్పుగాలిలో అన్నేళ్లు ఉన్నా ఒక్కసారి తుడవగానే బీప్ ఆగకుండా వచ్చింది.

"స్ప్రే కొట్టగానే పనిచేసిందిగా" అంటారు. చేస్తుంది, మురికి కాస్త పక్కకి జరుగుతుంది కాబట్టి. మామూలు డబ్ల్యూడీ-40 తేమని తరిమే మందు, పేరులో డబ్ల్యూ, డీ అక్షరాల అర్థమే అది. ఆరాక నూనె పొర వదులుతుంది, దానికి మన ఊళ్ల దుమ్ము అంటుకుంటుంది. పాయింట్లు తుడవడానికైతే కాంటాక్ట్ క్లీనర్ అని అదే కంపెనీ వేరే డబ్బా అమ్ముతోంది.

మరి ఏం చేయాలి? విజిటింగ్ కార్డుని వేలెడు వెడల్పున కత్తిరించి, మొబైల్ రిపేరు సామాన్ల షాపులో దొరికే ఐపీఏలో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తడిపి, రెండు పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా నొక్కి లాగండి. కార్డు మీద నల్లటి గీత దిగుతుంది. గీత రానంతవరకు చేసి, చివర్లో పొడి ముక్కతో ఒకసారి. పీచు మిగిలిందేమో చూసుకోండి.

బటన్ పనిచేయలేదంటే మురికే కారణమని కూడా అనుకోవద్దు. చాలాసార్లు రేకు వంగి గ్యాప్ పెరిగి ఉంటుంది, లేదా అన్ని బటన్లకూ వెళ్లే గ్రౌండ్ వైరు ఒకచోట ఊడి ఉంటుంది. టిక్కుమని చప్పుడొచ్చే మైక్రోస్విచ్ అయితే విప్పకండి, కొత్తది వేయండి, తక్కువలోనే వస్తుంది.

ఇంకోటి, ఆ వీడియోలో మిషన్ ఆన్‌లోనే ఉంది. బటన్ దగ్గర 5 వోల్టులే, కానీ అదే పెట్టెలో మెయిన్ కరెంటు ఉంది, పిక్చర్ ట్యూబ్‌లో ప్లగ్ పీకేశాక కూడా వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. పిల్లలు చూసి నేర్చుకుంటున్నారు, దయచేసి ఆ వీడియో పంపడం ఆపండి.

ఇప్పటికే రుద్దేసినవాళ్లు ఐపీఏతో తుడిచి కొన్నాళ్లు నడపొచ్చు. బటన్ మళ్లీ మొరాయిస్తే ఆ రేకు స్విచ్ మార్చేయండి, ఇంకోసారి మాత్రం రుద్దకండి.