ఆ నైట్రేషన్ సందేశం ఇక పంపకండి

‘శరీరంలో ప్రొటీన్ల నైట్రేషన్: అయిదు నిజాలు’ అనే సందేశాన్ని రసాయనశాస్త్రం చదువుకున్న మిత్రులే పదే పదే పంపుతున్నారు. నైట్రేషన్ అంటే ఒక అణువుకు నైట్రో సమూహం తగులుకోవడం; ప్రొటీన్లలో అది ప్రధానంగా టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి తగులుకుని నైట్రోటైరోసిన్ అవుతుంది. చదవకుండా పంపారనుకోవడమే వాళ్లకు నేనివ్వగల మర్యాద.

మొదటి నిజం: గాఢ నైట్రికామ్లం పోస్తే ప్రొటీను పసుపెక్కుతుంది కదా, శరీరంలో జరిగేదీ అదేనట. నైట్రికామ్లంలో ఆ పని చేసేది నైట్రోనియం అనే అయాను, అది పుట్టడానికి గాఢామ్లం కావాలి. రక్తం పీహెచ్ 7.4, అంటే ఆమ్లమే కాదు. సరిపోయింది.

రెండవది: ప్రొటీనులోని టైరోసిన్లన్నిటికీ సమానంగా ముప్పట. కానీ ఎంజైముల్లో ఒకటైన మాంగనీసు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌లో ప్రధానంగా దెబ్బతినేది 34వ స్థానంలోని టైరోసిన్ ఒక్కటే. ముందుకు పోదాం.

శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్, సూపరాక్సైడ్ కలిస్తే పుట్టే పెరాక్సీనైట్రైట్ నేరుగా వచ్చి టైరోసిన్‌కు నైట్రో సమూహాన్ని తగిలిస్తుందన్నది మూడవ నిజం. అది టైరోసిన్ జోలికే పోదు. కార్బన్ డయాక్సైడ్‌తో కలుస్తుంది. ఆ కలయిక విడిపోయినప్పుడు సుమారు 35 శాతం మేరకు కార్బోనేట్ రాడికల్, నైట్రోజన్ డయాక్సైడ్ అనే రెండు రాడికళ్లు (జతలేని ఎలక్ట్రానున్న చురుకైన కణాలు) జంటగా బయటపడతాయి, మిగతాది నైట్రేటుగా మారిపోతుంది. కార్బోనేట్ రాడికల్ టైరోసిన్ నుంచి ఒక ఎలక్ట్రాను లాక్కుంటుంది. అలా పుట్టిన టైరోసిల్ రాడికల్‌తో నైట్రోజన్ డయాక్సైడ్ కలిస్తే నైట్రోటైరోసిన్. సాక్ష్యం కావాలా? రెండు టైరోసిల్ రాడికళ్లు ఎదురుపడితే డైటైరోసిన్, అంటే అతుక్కున్న టైరోసిన్ల జంట, ఏర్పడుతుంది. రాడికళ్లే లేకపోతే అదెక్కడిది? 1960ల నుంచి ప్రయోగశాలల్లో ప్రొటీన్ల నైట్రేషన్‌కు వాడుతున్న టెట్రానైట్రోమీథేన్‌దీ ఇదే దారి. నైట్రేషన్ చేయబోతే ప్రొటీన్లు ఒకదానికొకటి అతుక్కుపోవడం వాడినవాళ్లకు తెలుసు.

అసలు ప్రమాదం నాలుగవ దానితో. నైట్రోటైరోసిన్ కనిపిస్తే అది పెరాక్సీనైట్రైట్ వేలిముద్రేనట, వెంటనే యాంటీఆక్సిడెంట్ మాత్రలు మింగాలట! మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడు, నైట్రైటులతో అదే నైట్రోజన్ డయాక్సైడ్‌ను తయారుచేస్తుంది. పెరాక్సీనైట్రైట్ ఊసే ఉండదు. అంతకంటే ఘోరం, నైట్రైటు ఉన్న నమూనాకు ఆమ్లం కలిపితే నైట్రోటైరోసిన్ పరీక్షనాళికలోనే పుడుతుంది. అప్పుడు మాత్రలు వేయవలసింది రోగికి కాదు, నాళికకు. ఇక యాంటీఆక్సిడెంట్లంటారా, యూరికామ్లం ఈ రాడికళ్లను చక్కగా పట్టేస్తుంది. ఆ లెక్కన ఒంట్లో అదే యూరికామ్లం పేరుకుపోయే గౌటు రోగులంత అదృష్టవంతులు లేరు. సందేశం రాసినవారు ఆ సలహా కూడా ఇవ్వకపోవడం మన పుణ్యం.

చివరిది: నైట్రిక్ ఆక్సైడే స్వయంగా టైరోసిన్‌కు అతుక్కుని నైట్రోటైరోసిన్ అవుతుందట. దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. ఎంజైముల్లోనే మరొకటైన ప్రోస్టాగ్లాండిన్ హెచ్ సింథేజ్‌లో నైట్రిక్ ఆక్సైడ్ టైరోసిల్ రాడికల్‌తో కలిసి, ఆపైన ఆక్సీకరణం చెంది, చివరికి నైట్రోటైరోసిన్‌గా మారుతుంది. రాసినవారికి ఇది తెలిసి రాశారని మాత్రం అనుకోను. ఎందుకంటే అక్కడా ముందు పుట్టవలసింది, సందేశంలో ఒక్కచోటా పేరైనా లేని టైరోసిల్ రాడికలే.